చెప్పులేసుకుని బఠానీలు ఒలిచిన అక్క

వెళ్ళేవాళ్ళు "వెళ్ళొస్తాను" అని ఎవరి కోసం చెబుతారు? గడప దాటుతున్న తమ కోసమా, లోపల మిగిలిపోతున్నవాళ్ళ కోసమా? ఇంత వయసొచ్చినా నాకు జవాబు చిక్కలేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఒక అక్కా, ఒక చెల్లెలూ, మసి అనే నల్ల కుక్కా గుర్తొస్తారు. అక్క ఇప్పుడు లేదు. చెల్లెలుంది. మూతి నెరిసిపోయినా మసి కూడా ఇంకా ఉంది.

అక్కని ఆ వీధిలో అందరూ కుక్కల టీచరమ్మ అనేవారు. చదువుకుని టీచరైంది కాదు. వయసులో ఉండగా కాపలా కుక్కల్ని అద్దెకిచ్చే ఒక కంపెనీలో బోనులు కడిగే పనికి చేరింది. అక్కడ కుక్కలకి నేర్పే ఆయన్ని మాస్టారనేవారు. ముళ్ళ గొలుసు మెడకేసి గుంజడమే ఆయన పాఠం. గుంజగా గుంజగా ఒక గోధుమరంగు కుక్క చెవులు వెనక్కి వాల్చి, నేలకి అంటుకుపోయి, మాటిమాటికీ మూతి నాక్కుంటూ పడుకుంది. "చూశారా, ఎంత బుద్ధిగా ఉందో!" అన్నాడు మాస్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు శభాష్ అన్నారు. బకెట్టు పట్టుకుని నిలబడ్డ అక్కకి మాత్రం దాని కళ్ళలో తెల్లగుడ్డు కనిపించింది. అది తల అటు తిప్పుకుని, చూపు మాత్రం ఇటు పెట్టి, ఎవరి చెయ్యి ఎటు లేస్తుందా అని కాసుక్కూర్చుంది. అది బుద్ధి కాదు, భయం. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత అక్క బతుకంతా వాటిని విడదీసి చూపించడంతోనే సరిపోయింది.

కంపెనీ మానేసి ఇల్లిల్లూ తిరిగింది. భుజాన గుడ్డ సంచి, అందులో ఉడికించిన కోడి ముక్కలు. "గుర్రుమంటోందండీ, ఒక్కటి తగిలించండి" అని ఎవరైనా అంటే, "అననీయండి బాబూ. దానికున్న మాట అదొక్కటే. అదీ నొక్కేస్తే రేపు చెప్పాపెట్టకుండా కరుస్తుంది" అనేది. ఎదురింటి పిన్నిగారు అరుగు మీంచి వేళాకోళమాడేది.

"మా ఆయనక్కూడా కాస్త నేర్పిపెట్టు టీచరమ్మా."

"ముక్కకి లొంగుతారా పిన్నిగారూ?"

"లొంగుతారు. మర్నాటికి మర్చిపోతారు."

"అయితే రోజూ పెట్టండి. నా పాఠమూ అంతే."

అక్కాచెల్లెళ్ళిద్దరిదీ మేడ మీద రెండు గదుల వాటా. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే, "కుక్కల్ని చూశాక మనుషులు కంటికి ఆనలేదు" అనేది అక్క. చెల్లెలు నవ్వి ఊరుకునేది. ఎవరేమడిగినా ఆవిడ జవాబు నవ్వో, "నాకేం, బాగానే ఉన్నా"నో. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే పాత కుట్టుమిషను ఆవిడది. సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ తొడుగులు కుట్టేది. కుక్కలంటే భయం లేదు కానీ, తెల్ల తొడుగుల మీద నల్ల వెంట్రుకలంటే ఒళ్ళు మంట.

ఆ వెంట్రుకలు మసివి. ఇల్లు మారిపోతున్న ఒక కుటుంబం దాన్ని గేటుకి కట్టేసి పోయింది. ఊరికే పోలేదట. దాని మెడ కావిలించుకుని, ముద్దులు పెట్టి, "వెళ్ళొస్తాంరా బంగారం" అని ఏడ్చి మరీ పోయారట. మళ్ళీ రాలేదు. అక్క ఇంటికి తెచ్చిన నాటి నుంచీ ఎవరైనా చెప్పుల్లో కాలు పెడితే చాలు, మసికి వణుకు. తాళంచెవులు గలగలమంటే తలుపుకి అడ్డంగా పడుకునేది. అందుకని అక్క ఎక్కడికెళ్ళినా దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళేది. ఊరందరి కుక్కలకీ ఒంటరిగా ఉండటం నేర్పిన మనిషి సొంత కుక్కకి నేర్పలేదు. అవసరం పడలేదు.

అక్క కడుపులో గడ్డ బయటపడ్డాక ఆ అవసరం పడింది. వెంటనే కోసి తీసేయాలన్నాడు డాక్టరు. ఆలస్యమైతే తన చేతిలో ఉండదన్నాడు.

"మసికి నేను లేకుండా ఉండటం రావాలి. వచ్చాక చేరతాను" అంది అక్క, ఆసుపత్రి మెట్లు దిగుతూ.

"నీ కడుపులో గడ్డ ఉంటే కుక్కకి పాఠాలేంటక్కా!"

"అది తిండి మానేసి చస్తుందే. అక్కడ పడుకుని నేను దాన్నే తలుచుకుంటూ ఉంటే నా కుట్లు మానతాయా?"

మర్నాటి నుంచీ మొదలైంది. అక్క పొద్దున్నే చెప్పులేసుకునేది. ఎక్కడికీ వెళ్ళేది కాదు. అలాగే స్టూలు మీద కూర్చుని బఠానీలు ఒలిచేది. తాళంచెవులు తీసుకుని వంటింట్లోకెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకునేది. సంచి భుజానికి తగిలించుకుని పక్క దులిపేది. చెప్పులకీ వెళ్ళిపోవడానికీ ఉన్న ముడి మసి మనసులోంచి ఊడిపోవాలని. కిటికీలోంచి చూసిన పిన్నిగారు కేకేసింది.

"ఇంట్లో చెప్పులేమిటమ్మా, మీ అక్కకి మతి గానీ పోయిందా?"

"పోలేదు పిన్నిగారూ, కుక్కకిచ్చేసింది" అంది చెల్లెలు మిషను తొక్కుతూ.

చెప్పులు చూసి వణకడం మానాక తలుపు దాకా నడక. ఆ తర్వాత తలుపవతలికి ఒక్క అడుగు, వెంటనే లోపలికి. "భయం పుట్టకముందే తిరిగి రావాలి. పుట్టాక వచ్చి ఎంత బుజ్జగించినా దానికి గుర్తుండేది భయమే" అనేది అక్క. వెళ్ళేటప్పుడు మాట లేదు, వచ్చినప్పుడు మాట లేదు. "వెళ్ళొస్తా అనకూడదు, వచ్చేశా అనకూడదు. గాలికి తలుపు తెరుచుకుని మూసుకున్నట్టుండాలి." వెళ్ళేముందు బోలు రబ్బరు బొమ్మలో మాంసం ముద్ద కూరి మసి ముందు పెట్టేది. అది మిషను బల్ల కిందకి చేరి నాకుతూ కూర్చునేది. మిషను టకటకలాడుతున్నంతసేపూ దానికి నిబ్బరం. ఆగితే తల ఎత్తేది. "నీ మిషను దానికి జోలపాటే" అంది అక్క.

కానీ పాఠం నత్తనడక నడిచింది. అక్క మెట్లు దిగి వీధి మలుపు దాటేసరికి మసి కూనిరాగం మొదలుపెట్టేది. అది కాస్తా ఊళగా మారేది. చెల్లెలి కళ్ళ ముందు డాక్టరు మొహం మెదిలేది. ఒకనాడు ఆవిడ ఉండబట్టలేక గుడ్డ కొలిచే చెక్క స్కేలు తీసి బల్ల మీద ఫెడీమని కొట్టింది. "నోర్ముయ్!"

మసి నోరు మూసింది.

ఇంత తేలికా అనుకుంది చెల్లెలు. అక్క వచ్చి, "ఏడ్చిందా?" అని అడిగింది.

"లేదక్కా. బుద్ధిగా పడుకుంది."

ఆ తర్వాత స్కేలు చూపిస్తే సరిపోయేది. తలుపు దగ్గర కారిన చొంగ చెల్లెలు తుడిచేసేది. ముట్టని ముద్దని బొమ్మలోంచి చెంచాతో గీకి పారేసి, బొమ్మ కడిగి పెట్టేది. అక్కకి అనుమానం రాకపోవడమే చిత్రం. ఎంత కుక్కల టీచరమ్మ అయినా తనకీ నమ్మాలనే ఉంది కాబోలు. ఆసుపత్రిలో చేరే రోజు ఖాయం చేసుకొచ్చింది. ఆ వారం ఇంట్లో ఇద్దరూ పాటలు పాడుకున్నంత పనిచేశారు.

చేరాల్సిన రోజుకి ముందు సాయంత్రం అక్క బట్టలు సర్దుకుంటోంది. మంచం కిందకి జారిన తాళంచెవులు తీయడానికని చెల్లెలి స్కేలు అందుకుంది. అంతే. పక్కనే ఉన్న మసి చెవులు వెనక్కి వాల్చి, నేలకి అంటుకుపోయి, మూతి నాక్కోసాగింది. తల గోడవైపు. కంటి తెల్లగుడ్డు మాత్రం ఇటు.

అక్క స్కేలు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"కొట్టలేదక్కా, ఒట్టు. బల్ల మీదే కొట్టాను."

"దానికి తెలుసా ఆ తేడా?"

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళాలి కదా! ఇది నేర్చుకునేదాకా ఆగితే... డాక్టరు అన్న మాట నేను వినలేదనుకున్నావా?"

"నోరు మూయించావు, సరే. మరి భయం ఎక్కడికి పోయిందనుకున్నావ్?"

చెల్లెలు చేతిలోని గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. చూపు గోడ మీద పెట్టి ఎండిన పెదాలు తడుపుకుంది. అక్క మసినీ, చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది. గొంతు తగ్గించింది.

"ఇలా రా. నీకూ భయంగా ఉందా?"

ఎప్పట్లా "నాకేం" అనబోయింది చెల్లెలు.

"చచ్చేంత" అంది చివరికి.

"అమ్మయ్య. ఇన్నేళ్ళకి గుర్రుమన్నావు" అని అక్క నవ్వబోయి, కడుపు పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. చెల్లెలు అక్క ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవద్దని అక్క అనలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళలేదు. చెల్లెలు బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. అక్క మళ్ళీ చెప్పులేసుకుని బఠానీలు ఒలవడం దగ్గర్నుంచీ మొదలుపెట్టింది. స్కేలు అటక మీదకెక్కింది. చెల్లెలు టేపుతో కొలుచుకునేది. తన చేతులతో తనే వెనక్కి నెట్టిన పనని తెలుసు కాబట్టి, ఈసారి ఆవిడే అక్క కన్నా ఓపిగ్గా కూర్చుంది. అప్పుడు స్కేలు పట్టిన చేత్తోనే ఇప్పుడు మసికి ముక్క అందించేది. మొదట్లో అది తీసుకునేది కాదు. నేల మీద పెట్టి పక్కకి తిరిగి కూర్చుంటే వచ్చి తినేది. పోగాపోగా చేతిలోంచే తింది. ఈలోగా అక్క చిక్కిపోయింది. చెప్పులు వదులై, నడుస్తుంటే ఈడ్చిన చప్పుడు వచ్చేది.

ఆ రోజుల్లోనే చెల్లెలికి ఇంకోటి తెలిసొచ్చింది. మసిని షికారుకి తిప్పే పని తనకొచ్చింది. కూరలు తెచ్చే పని తనకొచ్చింది. అక్క మంచం వెనక గదికి మారింది. భోజనానికి "నువ్వు తినెయ్, నాకు ఆకల్లేదు" అనడం మొదలైంది, మొదట అప్పుడప్పుడు, తర్వాత తరచు. ఒక మధ్యాహ్నం అక్క బయటికెళ్ళి చాలాసేపయ్యిందనీ, తను ఒక్కసారైనా తలుపువైపు చూడలేదనీ చెల్లెలు గమనించింది. మిషను ఆపేసింది. ఒళ్ళు మండింది.

అక్క రాగానే అడిగేసింది. "నాక్కూడా నేర్పుతున్నావు కదూ? నేనేమైనా కుక్కనా?"

"కుక్కవైతే ఇంత కష్టమెందుకే! ముక్క పడేస్తే సరిపోయేది."

చెల్లెలికి నవ్వొచ్చింది, నవ్వినందుకు ఇంకా కోపమొచ్చింది. "వెళ్ళే రోజు నాకైనా చెప్పి వెళ్తావా?"

"చెప్పను. చెబితే నీ మొహంలో కనిపిస్తుంది. నీ మొహం చూసి మసి తెలుసుకుంటుంది. పిన్నిగారి ఆయన తోడొస్తారు. కోత అయ్యాక కబురంపుతాను, అప్పుడు రా. అప్పటిదాకా దాని దగ్గరుండు."

"అది సరే. నా మాటేంటి?"

అక్క స్టూలు మీద కూర్చుని బఠానీలు ముందేసుకుంది. ఒక కాయ ఒలిచి, గింజ ఒకటి మసికీ ఒకటి చెల్లెలికీ పెట్టింది.

అది మామూలు పొద్దు. మబ్బు లేదు, ఎండ లేదు. చెల్లెలు ఒక పెద్ద సోఫా తొడుగు అంచు కుడుతోంది. అక్క రబ్బరు బొమ్మలో ముద్ద కూరి మిషను కింద పెట్టింది. మసి నాకుడు మొదలెట్టింది. అక్క చెప్పులేసుకుంది. సంచి తగిలించుకుంది. రోజూ చేసేదే. స్టూలు మీద కూర్చుని బఠానీలు ముందుకి లాక్కుంది కూడా. నాలుగు కాయలు ఒలిచి గిన్నెలో వేసి లేచింది. చెల్లెలు తల ఎత్తలేదు. అంచు మూల తిరుగుతోంది, అక్కడ గుడ్డ జారుతుంది, చూపు తిప్పడానికి లేదు.

తలుపు గాలికి తెరుచుకున్నట్టు తెరుచుకుంది. మూసుకుంది.

మెట్ల మీద చెప్పులు ఈడుస్తున్న చప్పుడు. కింద మలుపు దగ్గర పిన్నిగారి ఆయన దగ్గు వినిపించింది. అప్పుడు తెలిసింది చెల్లెలికి.

కుర్చీ వెనక్కి తోసి కిటికీ దగ్గరికి పరిగెత్తాలనిపించింది. "అక్కా" అని ఒక్క కేక. కాలు ఆగబోయింది. మిషను ఒక క్షణం తడబడితే కింద మసి నాకుడు ఆపి తల ఎత్తింది.

చెల్లెలు తొక్కింది. అంచు అయిపోయింది. గుడ్డ సూది కింద నుంచి జారి ఒళ్ళో పడింది. ఆవిడ తొక్కుతూనే ఉంది. ఉత్త సూది పైకీ కిందకీ లేస్తూ టకటకమంటోంది. మసి మళ్ళీ తల వాల్చి బొమ్మ నాకసాగింది. వీధి మలుపు దాకా ఈడ్చుకుంటూ వినబడిన చెప్పుల చప్పుడు అక్కడితో ఆగిపోయింది.