తూటాలకు చింతపండు

ఒక పెళ్లిలో మోగాల్సిన తుపాకీ నోరు చింతపండుతో ఎలా మూయించానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సగం దాకా నేనూ నవ్వగలను.

అప్పట్లో దుబాయ్‌లో, సత్వాలో ఒక పాత విల్లా వెనక గదుల్లో అద్దెకుండేవాళ్లం. ముందు భాగంలో ఇంటి యజమాని, మేం బాబా అని పిలిచే అరబ్బు పెద్దాయన. ఆయన గదిలో గోడకు పాత సైన్యపు రైఫిల్ ఒకటి వేలాడేది. చనిపోయిన తమ్ముడిది. కొండల్లో ఉన్న వాళ్ల ఊళ్లో పెళ్లంటే మగవాళ్లు గురిపెట్టి కొట్టి చూపించడం ఆచారం. మనవడి పెళ్లిలో ఆ రైఫిల్‌తోనే కొట్టాలని బాబా కోరిక.

తూటాలు రేకు డబ్బాలో ఉన్నాయి. ఎప్పుడో సైన్యం వదిలించుకున్న సరుకు. బాబా కళ్లకు శుక్లాలు. అందుకని నన్ను పిలిచి, "బేటీ, నువ్వు చదువుకున్నదానివి. ఇందులో మంచివి ఏరిపెట్టు" అన్నాడు హిందీలో. ఇంకేదో చెప్పబోయాడు కూడా. డిగ్రీ చదివిన మనిషిని, పూర్తిగా చెప్పనిస్తానా? డబ్బా లాక్కున్నంత పనిచేసి ఇంటికొచ్చేశాను.

తూటాల అడుగున తయారైన ఏడాది అంకెలుంటాయని, వాటిని చూసి పాతవీ కొత్తవీ ఏరొచ్చని తెలుసు. కానీ మురికి. దానిమీద అక్కడక్కడా ఆకుపచ్చగా పట్టినట్టుంది. ఇత్తడి బిందెల మధ్య పెరిగినదాన్ని, ఆకుపచ్చంటే చిలుమని నాకొకరు చెప్పాలా? చింతపండు నానబెట్టి, పీచు తీసుకుని కూర్చున్నాను.

జెబెల్ అలీలో స్టోర్‌కీపరుగా చేసే మా ఆయన అప్పుడే వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"సరోజా, అవి తూటాలు."

"పప్పుగుత్తులనుకున్నానా ఏంటి?"

"బాబాని ఒక మాట అడగాల్సింది."

"ఇత్తడి తోమడానికి అరబ్బుల అనుమతెందుకండీ?"

ఆయన చెప్పులు విప్పకుండానే వీధిలోకి వెళ్లి, నేను తోమడం అయ్యేదాకా తిరిగి రాలేదు.

అంకెలు అద్దంలా తేలాయి. అన్నిటికీ ఒకటే. ఇక ఏరేదేముందని, పళ్లెంలో పేర్చి ప్రసాదం తెచ్చినట్టు తెచ్చి బాబా ముందు పెట్టాను. ఆయన ఒకటి తీసి కంటికి ఆనించుకున్నాడు. అడుగున బొటనవేలితో రుద్దాడు. ఇంకొకటి తీశాడు.

"పచ్చరంగేది?"

"చిలుము బాబా. అంతా వదలగొట్టాను."

తూటాను పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. అంకెలు ఒకటే అయినా, సగం తూటాల్లో మందు పాడైపోయింది. అవి కాలిస్తే గొట్టమే పగలొచ్చు. తమ్ముడు ఒక్కొక్కటీ పరీక్షించి, మంచివాటికి అడుగున ఆకుపచ్చ రంగు చుక్క పెట్టేవాడట.

"కొత్తవి కొనుక్కోవచ్చుగా బాబా" అన్నాను. ఓడిపోతున్నా వాదించే జబ్బు నాది.

"కొత్తవి దుకాణంలో దొరుకుతాయి బేటీ. ఇవి వాడు ఏరినవి." డబ్బా మూతేశాడు. "ఖలాస్."

తిట్టలేదు. తిట్టుంటే నాలుగు తిరిగి అని తేలికపడేదాన్ని. పైగా మమ్మల్ని తన కారులో పెళ్లికి తీసుకెళ్లాడు. కొండ కింద ఒక్కొక్కరే గురిచూసి కొట్టారు. బాబా ఆ తూటాలన్నీ తోలు పట్టీలో గుచ్చి ఛాతీకి అడ్డంగా వేసుకుని, రైఫిల్ పట్టుకుని నిలబడ్డాడు. తన వంతు రాగానే పక్కవాడికి దారిచ్చాడు. ఎండలో తూటాలు ధగధగలాడుతుంటే, బంగారు పూతా అని ఆడవాళ్లు అడిగారు. అందరూ మెచ్చుకున్నారు. వాటిలో ఒక్కటీ పేలలేదు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇత్తడి మీద ఇక ఎంత పచ్చ కనిపించినా, అది చిలుమో, పోయినవాళ్ల చేతి చుక్కో, సొంతదారు నోట పూర్తిగా వినేదాకా చింతపండు నానబెట్టను. మా ఇంట్లో పంచపాత్ర నల్లబడితే నల్లబడనీ.