తూములో ఏడ్చిన బిడ్డ

మా అవ్వ ఓబుళమ్మ ఒక్క గిన్నెడు గంజితో ఒమాన్ దేశపు జిన్నుల వంశాన్నంతా హడలగొట్టింది. అక్కడి మంత్రగాళ్లు నూరేండ్లుగా తాయెత్తులు కట్టి సాధించలేని పనిని, రాయచోటి పక్క పల్లె నుంచి పోయిన ఐదో తరగతి చదివిన మనిషి మూడో వారంలోనే సాధించింది. ఇందులో నేను కలిపిందేమీ లేదు. ఉన్నా కొంచెమే.

అది ఎనభై ఆరో సంవత్సరం. వరసగా మూడేండ్లు శెనక్కాయ ఎండిపోయింది. ఇరవై నాలుగేండ్ల ఓబుళమ్మ తొమ్మిది నెలల కూతురు నాగవేణికి పాలు మాన్పించి, తన అక్క సుంకమ్మ ఒళ్లో పెట్టి, వంటమనిషిగా విమానమెక్కింది. కొండల నడుమ ఖర్జూరపు తోటల ఊరు. ఇంటి పెద్ద ముసలి షంసా. ఓబుళమ్మ ఆమెను 'మామా' అని పిలవాలి, అంటే అక్కడి మాటలో అమ్మ అని. షంసా మొగుడు బతికున్నప్పుడు బొంబాయి సరుకు తెచ్చి అమ్మేవాడు కాబట్టి ఆమెకు బజారు హిందీ వచ్చు. ఓబుళమ్మకు రాయచోటి సంతలో అబ్బిన ఉర్దూ వచ్చు. రెండూ కలిస్తే ఇద్దరూ పోట్లాడుకోవడానికి చాలినంత భాష తయారైంది.

మొదటి వారం పైన తొడుక్కునే నల్ల అబాయా కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు పడింది. మగవాళ్లు కూర్చునే గదిలోకి పోకూడదని తెలియక నీళ్లు పట్టుకుని పోయింది. లోపలున్న నలుగురూ ఒక్కసారిగా గోడ వైపు తిరిగారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కాఫీకి వచ్చినప్పుడు, తాగిన గిన్నెను ఊపితేనే 'ఇంక చాలు' అని అర్థమని ఎవరూ చెప్పలేదు. మర్యాద పోతుందని పద్నాలుగు గిన్నెలు తాగింది. ఆఖరికి షంసాయే ఆమె మణికట్టు పట్టుకుని ఊపింది.

"ఊపవే పిల్లా! ఇంట్లో కాఫీ గింజ మిగలనిస్తావా లేదా?"

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. గంజి అట్లాంటిది కాదు.

ఒక శుక్రవారం పొద్దు గుంకే వేళ ఓబుళమ్మ అన్నం గిన్నెకు మూత అదిమి, పెరట్లో ఖర్జూరపు చెట్టు పక్కనున్న తూములోకి సలసల కాగే గంజి వార్చింది. ఊళ్లో రోజూ వార్చినట్టే. జపమాల తిప్పుకుంటూ వస్తున్న షంసా అక్కడే నిలబడిపోయింది.

"బిస్మిల్లా అన్నావా?"

"యాల అనాల మామా?"

"దేవుడి పేరు వింటే వాళ్లు పక్కకు జరుగుతారు. ఆ తూములో కాపురముంటారే వాళ్లు! పిల్లాజెల్లా ఉంటారు. సరిగ్గా ఈ వేళకే పిల్లల్ని బయటికి వదులుతారు."

షంసా కోడలు జువైనా బడిపంతులమ్మ, అత్త హిందీ ఆమెకూ అబ్బింది. వసారాలో కూర్చుని కొడుకు హిమ్యర్‌ను నిద్రపుచ్చుతోంది. "అత్తా, అది వచ్చి నెల కాలేదు. భయపెట్టి చంపేస్తావా? నీ జిన్నులకు వేడి గంజి పడితే జలుబు తగ్గుతుందిలే."

"నవ్వు, బాగా నవ్వు. బిడ్డ కాలిన తల్లి మాత్రం నవ్వదు. బదులుకు ఇంకో బిడ్డను వెతుక్కుంటుంది."

అని మనవడి నుదుటి మీద చెయ్యి పెట్టి, ఏదో చదివి ఊదింది. సముద్రానికి అవతలున్న ఓబుళమ్మ బిడ్డ మీద చదివి ఊదేదెవరు?

పొద్దున షంసా ఉపాయం చెప్పింది. ఏడు సాయంత్రాలు తూము దగ్గర సాంబ్రాణి వేసి, ఆ తల్లిని క్షమాపణ అడగాలి. ఆ సాయంత్రం ఓబుళమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, నేర్పిన అరబ్బీ మాటలు అప్పజెప్పింది. అప్పుడు వినిపించింది. తూము లోపల, చాలా లోతున, చంటిబిడ్డ ఏడుపు. ఆమె వసారా వైపు చూసింది. హిమ్యర్ తల్లి ఒళ్లో నిద్రపోతున్నాడు.

"అమ్మా జువైనా, వినపడతాందా?"

"గొట్టంలో గాలి. లోపలికి రా."

గాలికి రవిక తడవదు కదా. మాన్పించి నెల కావస్తున్న పాలు ఆ ఏడుపుకు చేపుకొచ్చి, రవిక ముందువైపంతా తడిసిపోయింది. ఓబుళమ్మ సాంబ్రాణి పక్కన పెట్టి, కాఫీ గిన్నె తెచ్చుకుంది. గోడ వైపు తిరిగి గిన్నెలోకి పాలు పిండి, తూములో పోసింది. ఈసారి అరబ్బీ మాటలు అప్పజెప్పలేదు.

"తెలీక పోసినాను తల్లీ. నాది గూడా చంటిబిడ్డే. దాని జోలికి మాత్రం పోవద్దు. నీ బిడ్డకు నేను పాలిస్తా."

ఏడుపు కాసేపు ఆగింది. మరునాడు అదే వేళకు మళ్లీ మొదలైంది.

మూడో సాయంత్రం జువైనా వెక్కిరించబోయి దగ్గరికొచ్చింది. గిన్నెలో ఉన్నదేమిటో చూసింది. కొడుకును ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ మరునాటి నుంచి టీ నీళ్లు పారబోసేటప్పుడు ఆ పంతులమ్మ పెదవులు కూడా కదిలేవి.

ఏడో సాయంత్రం, మళ్లీ శుక్రవారం, గిన్నె సగమే నిండింది. పోసింది. తూము నిశ్శబ్దంగా ఉంది. చీకటి పడేదాకా కూర్చున్నా ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆమెకు పాలూ రాలేదు.

మూడు వారాలకు సుంకమ్మ చెప్పి రాయించిన జాబు అందింది. పైన వేసిన తేదీ ఆ శుక్రవారానికి మరునాడు. ఓబుళమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

'పాప బాగుంది. నువ్వు పోయినప్పట్నుంచీ సందేళ అయితే చాలు గుక్క పట్టి ఏడ్చేది. ఎవురెత్తుకున్నా ఊరుకునేది కాదు. నిన్న సందేళ చటుక్కున ఏడుపు మానేసి నా మొగం చూసి నవ్వింది. అమ్మా అనింది నన్ను. ఇంక నీకు దిగుల్లేదు.'

బిడ్డ బతికే ఉంది. తను తూము దగ్గర అడిగింది అదే కాబట్టి దానికి మించి పేచీ పెట్టడానికి ఎవరూ లేరు. ఓబుళమ్మ జాబు మడిచి దిండు కింద పెట్టి, పోయి రొట్టెల పిండి కలిపింది. ఆరేండ్ల తర్వాత ఊరికొచ్చిన రోజు నాగవేణి సుంకమ్మ కొంగు వెనక దాక్కుని, "ఎవురుమా ఈమె?" అని అడిగింది. ఆ నాగవేణే మా అమ్మ. ఈ రోజుకీ సుంకమ్మనే 'అమ్మా' అంటుంది, ఓబుళమ్మను 'చిన్నమ్మా' అంటుంది.

అంతా చెప్పించుకున్నాక నేను ఊరుకోలేక అడిగాను. "ఇంతకీ అవ్వా, తూములో ఏడ్చింది జిన్ను బిడ్డా, మా అమ్మా?"

"ఎవురైతే ఏమే? నా పాలు తాగింది అది. మీయమ్మ కాదు."