గొంతు తగ్గించని విద్యావతిగారు

విద్యావతిగారికి గుసగుసలాడడం రాదు. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది. ఆవిడ రాజమండ్రి మనిషి, ఊళ్ళో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. జలుబు మాత్ర గురించి ఏ గొంతుతో చెబుతారో మొలల మందు గురించీ అదే గొంతుతో చెబుతారు. ఆ గొంతు కౌంటరు దాటి, షాంపూల వరస దాటి, తలుపు దగ్గర గ్రీటింగు కార్డులు తిరగేస్తున్నవాళ్ళ దాకా వెళ్తుంది.

నిరుడు పిక్నిక్ పాయింట్ పార్కులో తెలుగువాళ్ళ బార్బీ, అంటే బార్బెక్యూ విందు, జరిగింది. ఒక కొత్త కోడలు ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అడిగింది. విద్యావతిగారు పొయ్యి మీద మొక్కజొన్నపొత్తు తిప్పుతూనే, "నులిపురుగులకా? ఒక్కరికొస్తే ఇంటిల్లిపాదీ వేసుకోవాలమ్మా మాత్ర. మీ మామగారితో సహా," అన్నారు. ఆ మామగారు అప్పుడే రెండో ప్లేటు అందుకున్నారు. ఆ ప్లేటు మెల్లగా బల్ల మీద పెట్టేసి, చెట్ల వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

అందుకని ఊరివాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తలనొప్పి, దగ్గు, జలుబు అయితే విద్యావతిగారి షాపు. మిగతావాటికి బ్రిస్బేన్. కొండ దిగి గంటన్నర కారు నడిపినా, అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళు ఉండరు.

యూనిలో, అంటే ఊళ్ళో ఉన్న యూనివర్సిటీలో, కంప్యూటర్ల విభాగంలో పనిచేసే భార్గవ్‌ది ఈ బ్రిస్బేన్ బృందం. అతనికీ అక్షరకీ పాప పుట్టి ఏడాది కాలేదు. కాన్పు ఆపరేషన్‌తో అయింది. కుట్టు గట్టిపడే దాకా రెండో బిడ్డ మాట తలపెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అక్షరకి మైగ్రేన్ ఉంది కాబట్టి రోజూ మింగే మాత్రలు వద్దంది. మిగిలింది కండోమ్. ఆ పని భార్గవ్ మీద పడింది.

భార్గవ్ దాన్ని శ్రద్ధగానే చేశాడు. బ్రిస్బేన్ సూపర్‌మార్కెట్‌లో, బియ్యం బస్తా కింద దాచి, మనిషి లేని బిల్లింగ్ మిషన్ దగ్గర స్కాన్ చేసి తెచ్చేవాడు. ఎంచుకోవడానికి నిలబడితే ఎవరైనా చూస్తారని, చేతికి ముందు తగిలింది లాగేవాడు. తగిలిన దాని మీద లార్జ్ అని ఉంటే మనసులో కాస్త తృప్తి కూడా పడేవాడు. అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు కనుక పెట్టెలు ఇంట్లోకి తేకుండా కారు డాష్‌బోర్డు అరలో దాచేవాడు.

అక్షరకి అవి పడలేదు. మంట, దురద. కొబ్బరి నూనె రాసుకుంటే తగ్గుతుందేమోనని చూశారు. ఒకసారి జారిపోయింది. ఇంకోసారి చిరిగింది. ఆ నెలంతా అక్షర క్యాలెండరు వైపు చూస్తూ బతికింది. ఏమీ కాలేదని తేలినా, భయం పోలేదు. భార్గవ్ చెయ్యి తగిలితే ఉలిక్కిపడేది. అతను అది వేరేలా అర్థం చేసుకుని ముఖం ముడుచుకునేవాడు. ఇద్దరూ పాపతో మాత్రం చక్కగా మాట్లాడేవాళ్ళు.

మనసులు కుదుటపడుతున్నాయనుకున్న సమయంలో మళ్ళీ చిరిగింది.

మర్నాడు ఆదివారం. పాపకి జ్వరం. అక్షర పాపని భుజాన వేసుకుని నిలబడి, "మాత్ర ఒకటి ఉంటుందట, వెంటనే వేసుకోవాలట. పోయి తీసుకురా," అంది.

"బ్రిస్బేన్ వెళ్ళొస్తా."

"నువ్వు వెళ్ళి వచ్చేసరికి సాయంత్రం. విద్యావతి ఆంటీ షాపు తెరిచే ఉంటుంది."

భార్గవ్ ఫోన్లో బ్రిస్బేన్ దారి చూడసాగాడు.

"నా కడుపు మీద ఇంకో కోత పడితే నీకు బావుంటుందా, ఆవిడ గొంతు వింటే బావుంటుందా?" అంది అక్షర. ఆ మాట అన్నాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్గవ్ తాళాలు తీసుకున్నాడు.

షాపులో పెద్దగా జనం లేరు. ఇద్దరు తెల్లవాళ్ళు విటమిన్లు చూస్తున్నారు. భార్గవ్ కౌంటరు మీదికి వంగి, వీలైనంత మెల్లగా సంగతి చెప్పాడు.

"కండోమ్ చిరిగిందా?" అన్నారు విద్యావతిగారు. "ఎప్పుడు?"

అంతా తెలుగే. కానీ ఆ ఒక్క మాట ఏ దేశం వాడికైనా అర్థమయ్యే మాట. విటమిన్ల దగ్గరివాళ్ళు తలలు తిప్పారు.

"లోపల గది ఉంది బాబూ, కూర్చుని మాట్లాడదామా?" అన్నారావిడ, అదే గొంతుతో.

వాళ్ళు ఇంత విన్నాక తను లోపలికి వెళ్తే ఇంకెంత ఘోరం జరిగిందనుకుంటారోనని, "ఇక్కడే చెప్పండి ఆంటీ," అన్నాడు.

ఆవిడ అక్షరకి ఫోన్ చేసి మాట్లాడారు. పాలిస్తున్నావా, మైగ్రేన్‌కి ఏం వాడుతున్నావు, ఇంకేమైనా మందులున్నాయా అని అడిగారు. మాత్ర ఇచ్చి, ఇది ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలన్నారు. నెలసరి వారం దాటితే పరీక్ష చేసుకోమన్నారు. భార్గవ్ కార్డు తీశాడు. ఆవిడ తీసుకోలేదు.

"అసలు ఎందుకు చిరిగిందో చూడొద్దూ? ఏ సైజు వాడుతున్నావు?"

భార్గవ్ కౌంటరు మీదున్న దగ్గుబిళ్ళలతో చెబుతున్నట్టు, "లార్జ్," అన్నాడు.

"కొలుచుకున్నావా?"

"లేదు."

"చెప్పులు కొంటే కాలు పెట్టి చూసుకుంటావు. దీనికి మాత్రం అట్ట మీద మాట నమ్మావు." ఆవిడ ముఖంలో వెక్కిరింత లేదు, లెక్కల మాస్టారి ఓపికే ఉంది. "వదులైతే జారుతుంది, బిగుతైతే చిరుగుతుంది. పొడుగుతో పెద్ద పనిలేదు, చుట్టుకొలత ముఖ్యం. ఇదిగో కాగితం పట్టీ. ఇంటికెళ్ళి కొలుచుకో. పెట్టె వెనక మిల్లీమీటర్లలో వెడల్పు రాసి ఉంటుంది, నీ చుట్టుకొలతలో సగానికి కాస్త తక్కువ ఉన్నది చూసుకో. చాలామందికి మామూలు సైజే సరిపోతుంది. అందులో చిన్నతనమేం లేదు."

విటమిన్ల దగ్గరివాళ్ళకి తెలుగు రానందుకు భార్గవ్ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. అప్పుడే వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. తిరిగి చూస్తే కోటేశ్వరరావుగారు.

ఆయన యూనిలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. తెలుగు సంఘానికి పెద్ద. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ప్రతి ఉగాదికీ ఇంద్రియ నిగ్రహం గురించి ఉపన్యాసమిస్తారు. చేతిలో దగ్గుమందు సీసా పట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏమైనా రాసుకుంటారా?" అని అడుగుతున్నారు విద్యావతిగారు.

"కొబ్బరి నూనె. అక్షరకి మంట, దురద అని," అన్నాడు భార్గవ్. దాచి లాభం లేదని అర్థమైపోయింది.

"అదీ సంగతి. నూనె తగిలితే లేటెక్స్ రబ్బరు పాడైపోతుంది. నీళ్ళతో చేసిన జెల్ వాడాలి. ఎక్కడ పెడుతున్నావు పెట్టెలు?"

"కార్లో."

"క్వీన్స్‌లాండ్ ఎండలో, కార్లో." ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "అక్షరకి దురద అంటున్నావు కాబట్టి లేటెక్స్ పడకపోవచ్చు. లేటెక్స్ లేని రకం ఇదిగో. వీటితో కూడా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, ఊరుకోవద్దు. నీ మీద అయిష్టమేమోనని మాత్రం అనుకోకు. మంటగా ఉంటే ఎవరైనా దూరం జరుగుతారు."

ఆ చివరి మాట ఆవిడకి ఎలా తెలిసిందో భార్గవ్‌కి అర్థం కాలేదు. అక్షర ఫోన్లో చెప్పి ఉండదు. డబ్బులు కట్టి, సంచీ గుండెలకి అదుముకుని పక్కకి తప్పుకున్నాడు. ఇంక తెలుగు సంఘంలో తలెత్తుకోలేననుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు.

వెనక కోటేశ్వరరావుగారి గొంతు వినబడింది. "విద్యావతిగారూ, ఆ కాగితం పట్టీ ఇంకోటి ఉందా?"

"ఉందండీ. మీకు లేటెక్స్ పడుతుందా?"

కార్ పార్కులో ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడ్డారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే రకం సంచీ. భార్గవ్ తప్పుకుపోదామనుకున్నాడు గానీ, పెద్దాయనే ఆపారు.

"ఇప్స్‌విచ్‌లో ఒకావిడ ఉన్నారు. స్నేహితురాలు," అన్నారు కోటేశ్వరరావుగారు. "ఆవిడ జాగ్రత్త తీసుకుందామంది. సబబే కదా. ఎన్నిసార్లు వచ్చానో ఈ షాపుకి. నోరు పెగలక ప్రతిసారీ దగ్గుమందు కొనుక్కుని వెళ్ళడమే. ఇంటినిండా దగ్గుమందే. నాకు దగ్గు లేదోయ్."

"నిగ్రహం అంకుల్..." అన్నాడు భార్గవ్ అప్రయత్నంగా.

"ఈసారి వేరే విషయం మీద మాట్లాడతాలే," అన్నారాయన గంభీరంగా. కారెక్కుతూ ఆగి, "ఇవాళ నువ్వు ముందుండబట్టి అడగగలిగాను. థాంక్స్ బాబూ," అన్నారు.

ఇంటికి వెళ్ళాక భార్గవ్ భార్యకి మాత్ర ఇచ్చి, నూనె సంగతి, ఎండ సంగతి, రబ్బరు సంగతి అన్నీ చెప్పాడు. కొలత సంగతి కాస్త తడబడుతూ చెప్పాడు. అక్షర చాలా రోజుల తర్వాత నవ్వింది. నెలసరి సమయానికే వచ్చింది. కొత్తవాటితో మంట లేదు. వాళ్ళిద్దరి మధ్యా మామూలు మాటలు మొదలయ్యాయి. కూరలో ఉప్పెక్కువైందని పోట్లాడుకునే మామూలు మాటలు.

ఒక శనివారం అక్షర పులిహోర కలిపి, పాపని తీసుకుని విద్యావతిగారి ఇంటికి వెళ్దామంది. తలుపు ఆవిడ భర్త ఆనందరావుగారు తీశారు. వీళ్ళని కూర్చోబెట్టి, ముందు టీవీ కట్టేశారు. తర్వాత ఫ్యాన్ కూడా ఆపారు.

"ఉక్కగా ఉంది కదా అంకుల్," అంది అక్షర.

"తను వస్తోంది. ఫ్యాన్ తిరుగుతుంటే తన మాట వినబడదమ్మా."

భార్గవ్ ఆయన హాస్యమాడుతున్నారనుకున్నాడు. ఇంతలో విద్యావతిగారు టీ తెచ్చి, పెదవులు కదిపారు. పాప పేరేమిటని అడిగారని ఆనందరావుగారు చెబితే తెలిసింది.

"ఇంట్లో మొదట్నుంచీ ఇంతే," అన్నారాయన. "పెళ్ళిచూపుల్లో తన పేరు మా నాన్నగారు మూడుసార్లు అడిగారు. షాపు గొంతు ఉద్యోగంలో నేర్చుకున్నది. ఆదివారం కౌంటరులో ఉండి వచ్చిందంటే రాత్రి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది."

భార్గవ్ ముందుకు వంగాడు. "మరి షాపులో ఎందుకు ఆంటీ అంత కష్టపడతారు?"

విద్యావతిగారు పాప బుగ్గ నిమురుతూ చెప్పారు. "అడుగుతున్నప్పుడు నీకు నేనొక్కదాన్నే కనిపిస్తాను. నాకు నీ వెనక నిలబడ్డవాళ్ళు కూడా కనిపిస్తారు కదా."

"ఏమన్నారు ఆంటీ?" అంది అక్షర కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "వినబడలేదు."