పది మంది నాయనలు కుట్టిన దిండు

ఎనిమిదేళ్ళుగా ఒక చిన్న దిండును మోస్తున్నాను. దూది దిండుకు బరువేముంటుందంటారా? నన్నడగండి, చెప్తాను. తలచుకున్నప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, నవ్వు అయిపోగానే తల దించుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు.

పుంగనూరులో నాది డీటీపీ, జిరాక్సు అంగడి. ఆ ఏడు కుప్పం వైపు ఒక నర్సింగ్ కాలేజీవాళ్ళు దరఖాస్తుతో పాటు బయోడేటా అడిగారు. అందులో 'మీరు చేసిన సేవ' అని ఒక పేరా ఉండాలట. ఇంటరు పాసైన పిల్లలు ఏం సేవ చేసుంటారు? అందరూ తల గోక్కుంటూ వచ్చేవాళ్ళు. సలీమా ఒక్కతే గోక్కోలేదు. పరుపులు కుట్టే ఆయన కూతురు. స్టూలు మీద కూర్చుని గడగడా చెప్పేసింది. మంచాన పడిన వాళ్ళ దాదీని, అంటే నాయనమ్మను, రెండేళ్ళు చూసుకుందట. వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చేదట. మోకాళ్ళు ఒరుసుకోకుండా మధ్యలో పెట్టడానికి నాయన ఒక చిన్న దిండు కుట్టిచ్చాడట. అదంతా ఇంగ్లీషులో కొట్టాను. నా టైపింగు బతుకులో అంత చక్కని పేరా ఇంకోటి లేదు.

ఇక నా బుద్ధి చూడండి. పాత ఫైలు తెరవడం, పేరు మార్చడం, ప్రింటు తీయడం మా వృత్తిలో అలవాటు. తర్వాత వచ్చిన తొమ్మిది మందికీ ఆ పేరానే ఇచ్చేశాను. పేర్లు మార్చాను, ఊర్లు మార్చాను. దిండు మార్చడం మరిచాను. గంగవరంలో టమాటా పండించే ఆయన కూడా నా పుణ్యాన దిండు కుట్టేశాడు. పిల్లలు అది చదివి చూసుకోలేదా అంటారేమో. అన్న రాశాడు కదా, బాగానే ఉంటుందిలే అని సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఇంటర్వ్యూలో ఏం జరిగిందో తర్వాత సలీమానే చెప్పింది. మీ వైపు అవ్వలందరూ ఒక్కసారే మంచాన పడ్డారా, నాయనలందరూ దిండ్లు కుట్టేవాళ్ళేనా అని అక్కడి మేడం అడిగి, ఒక్కొక్కరినే పంపించేసిందట. సలీమా ప్రాణ స్నేహితురాలు రేణుకనూ పంపించేసింది. చివరికి సలీమా వంతు. ఈ పిల్ల వాదించలేదు. రెండు బెంచీలు కలిపి, అక్కడ పనిచేసే లావుపాటి ఆయమ్మను పడుకోబెట్టి, ఒక్కతే మెల్లగా పక్కకు తిప్పి, తన సంచి ఆమె మోకాళ్ళ మధ్య పెట్టిందట. ఆయమ్మ "అబ్బా, సుకంగా ఉండాది, నేను లెయ్యను పోండి" అన్నదట! సీటు అక్కడికక్కడే ఇచ్చేశారు.

మైసూరుపాకు పొట్లంతో పరుగున వచ్చి ఇదంతా చెప్తుంటే నా కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వాను. ఎంత సంతోషపడ్డానో! అప్పుడడిగింది.

"అంతా బాగుండాది గానీ అన్నా, మా దాదీ సంగతి వాళ్ళందరికీ ఎట్ల తెలిసింది?"

చెప్పాల్సింది అప్పుడే. నోట్లో మైసూరుపాకు ఉంది.

"యాడన్నా సెప్పింటావులేమ్మా. నీ నోరు ఊరికే ఉంటాదా?"

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

"నీకూ రేణుకకూ తప్ప ఎవురికీ సెప్పలేదే. అంటే, అదేనా అందరికీ సెప్పింది?"

అవుననలేదు. కాదనీ అనలేదు. ఇంకో ముక్క తీసుకున్నాను.

తనేమీ చెప్పలేదు, అంతా అంగడి అన్నే రాశాడని రేణుక మొత్తుకుందట. సలీమా నమ్మలేదు. నమ్మింది నన్ను. ఎందుకు నోరు విప్పలేదు నేను? అంగడి పేరు పోతుందనా? లేక తనకు సీటిప్పించిన దేవుణ్ణి నేనే అన్నట్టు ఆ పిల్ల చూసే చూపు పోతుందనా? రెండోదే అయ్యుంటుంది. రేణుకకు ఒక ఏడాది పోయింది. మరుసటి ఏడు మదనపల్లెలో చేరింది. ఇప్పుడు ఇద్దరూ నర్సులే, చూస్తే కడుపు నిండుతుంది. కానీ ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటారు.

వచ్చే వారం సలీమా నిఖా. కార్డులు నా దగ్గరే కొట్టించింది. "అన్నా, నువ్వు ముందు వరసలో ఉండాల" అని ఒకటే గోల. కవర్ల మీద పేర్లన్నీ నేనే టైపు చేశాను. రేణుక పేరు లేదు.

మీకు చెప్పిందే ఒక కాగితం మీద కొట్టి రెండు ప్రింట్లు తీశాను, ఒకటి కుప్పంలో పనిచేసే సలీమాకు, ఒకటి మదనపల్లెలో ఉన్న రేణుకకు. పాత అలవాటే, పైన పేరు మాత్రం మార్చాను. కింద నా పేరు పెట్టాను. పొద్దున పోస్టులో వేసి వచ్చి, వరసగా రెండు టీలు తాగాను. ఎన్నాళ్ళకో టీ రుచిగా ఉంది. క్షమిస్తారా? తెలియదు. నిఖా బిర్యానీ నాకు దక్కకపోయినా ఫరవాలేదు, రేణుకకు దక్కాలి.