సున్నా, ఆరు, నాలుగు

గులాం మొహిద్దీన్ చేసిన పని వాపసు రాదని దుబాయ్ పక్కన ఉమ్ అల్ క్వైన్ మరమ్మతు షెడ్లలో ఒక మాట ఉంది. ఆ మాట మొదట ఎవరన్నారో తెలియదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా ఎక్కువసార్లు అన్నది మాత్రం మొహిద్దీనే. పంపు బాగుచేసినా, క్రేను గేరు మార్చినా, ఆ మాట ఎవరిచేతనైనా ఒకసారి అనిపించుకుంటే గానీ చాయ్ తాగేవాడు కాదు. గొప్పలు చెప్పుకునేవాళ్ళలో సగం మందికి పని రాదు. ఇతనికి వచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతనిది నెల్లూరు జిల్లా బిట్రగుంట. తండ్రి లోకోషెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్ల రోజుల్లో తండ్రి ఉన్న గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది. ఒక్కో ఫిట్టరుకు ఒక నంబరు, ఆ నంబరు చెక్కిన ఉక్కు పంచ్ ఒకటి ఇచ్చేవారు. తాను బిగించిన ప్రతి భాగం మీదా, బయటికి కనబడని వైపు, సుత్తితో ఆ నంబరు కొట్టాలి. తండ్రిది నలభై ఏడు. మొహిద్దీన్ అదే షెడ్డులో కొన్నాళ్ళు ఖలాసీగా చేశాడు. బొగ్గు ఇంజన్లు పోయి, తానూ దుబాయ్ దారి పట్టినప్పుడు తండ్రి పంచ్ తెచ్చి చేతిలో పెట్టాడు. అది మొదలు తన చేతి కింద బిగిసిన ప్రతి ఇనుము మీదా మొహిద్దీన్ నలభై ఏడు కొడుతూనే ఉన్నాడు. ఇక్కడ ఆ నంబరేమిటని అడిగినవాడు లేడు. అయినా కొట్టేవాడు, అదొక సంబరం.

అరవై ఏళ్ళు నిండుతున్నాయి, ఈసారికి వీసా ఖలాస్, మార్చిలో ఇంటికి వస్తున్నానని భార్య అమీనాబీకి చెప్పేసిన ఏడాదే ఆ ఇంజను వచ్చింది. ఫలజ్ అల్ ముఅల్లా వైపు పెద్ద ఖర్జూరతోట ఉన్న అర్బాబ్, అంటే అరబ్బు ఆసామి ఒకాయన, ఇండియాలో మూతపడిన ఏదో చక్కెర ఫ్యాక్టరీ నుంచి దాన్ని తుక్కు కింద కొని ఓడలో తెప్పించాడు. చిన్న పట్టాల మీద నడిచే ట్యాంకు ఇంజను. అంటే వెనకాల బొగ్గుకూ నీళ్ళకూ వేరే పెట్టె ఉండదు, అన్నీ తన ఒంటి మీదే మోసుకు తిరుగుతుంది. దాన్ని బాగుచేసి తోట చుట్టూ అతిథులను తిప్పాలని ఆయన కోరిక.

ట్రైలరు మీంచి దించగానే షెడ్డులో ఉన్నవాళ్ళంతా మూగారు. చూసిన ప్రతివాడూ దాని చక్రాలకే వంక పెట్టాడు. ముందు చిన్న చక్రాలు ఒక్కటీ లేవు. మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వాటి వెనక, డ్రైవరు నిలబడే గది కింద, నాలుగు చిన్న చక్రాలు ఒక చట్రానికి బిగించి ఉన్నాయి. బండిని తిరగేసి చేశారని ట్రైలరు డ్రైవరు తేల్చేశాడు. ఇంజనీరు శ్యాంప్రసాద్ తణుకు కుర్రాడు, చదువుకున్నవాడు. దీన్ని సున్నా, ఆరు, నాలుగు అంటారని, ఇలాంటివి ప్రపంచంలో తక్కువేనని ఫోనులో వెతికి చెప్పాడు.

ఎందుకు తక్కువో మొహిద్దీన్ వివరించాడు. మామూలు ఇంజనుకు ముందుండే చిన్న చక్రాలు మలుపును ముందుగా తడిమి పెద్ద చక్రాలకు దారి చూపిస్తాయి. దీనికి దారి చూపేవాళ్ళు లేరు, వెనకాల బరువు మోసేవాళ్ళే ఉన్నారు. అందుకే తిన్నటి దారిలో గుర్రం, మలుపులో మొండిఘటం. ఇంత తెలిసిన మనిషి కూడా తప్పు చేశాడంటే, తెలియక చేసింది కాదు. తెలుసన్న ధీమాతో చేసింది.

బాయిలరు సంగతి వేరే కంపెనీ చూసుకుంది, చక్రాల పని మొహిద్దీన్‌ది. వెనక చట్రం విప్పితే, అది నడిమి పిన్ను మీద తిరగడమే కాక, అటూ ఇటూ బొటనవేలి మందాన పక్కకు జరుగుతోంది. రెండు వైపులా అంత ఖాళీ ఉంది. తండ్రి నేర్పిన లెక్కలో ఖాళీ అంటే అరుగుదల, అరుగుదల అంటే పూడ్చాల్సిందే. మందపాటి ఉక్కు పలకలు రెండు కోసి, రెండు పక్కలా బిగించి, చెరొక నలభై ఏడు కొట్టాడు. ఆ ఖాళీ కావాలనే వదిలారేమో, ఒకసారి ఎవరినైనా అడుగుదామని శ్యాంప్రసాద్ మెల్లగా అన్నాడు. నువ్వు పుట్టకముందే నేను ఇంజన్ల కింద పడుకున్నానని మొహిద్దీన్ నవ్వేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

తోటలో పట్టాలు వేసింది పర్శరాములు. జగిత్యాల మనిషి, యాభై దాటినవాడు. ఇసుకలో పునాది నిలబెట్టడంలో అతని చేయి తిరిగినంతగా ఎవరిదీ తిరగలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పొయ్యి రాజేసి ఇంజనును కదిపారు. తిన్నటి దారిలో ముచ్చటగా వెళ్ళింది. ఖర్జూరచెట్ల దగ్గర మొదటి మలుపు రాగానే ముందు పెద్ద చక్రం పట్టా మీదికెక్కి, నిదానంగా ఇసుకలోకి దిగి కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు ఎత్తిపెట్టి మళ్ళీ నడిపారు. మళ్ళీ అక్కడే, అదే చక్రం.

పడింది ముందు చక్రం కాబట్టి అందరూ దాని కింది పట్టాలనే చూశారు. తేడా పట్టాల్లోనే ఉందని మొట్టమొదట అన్నది ఎవరనుకున్నారు? మొహిద్దీనే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. వాపసు రాని చేయి కదా, అతని మాటకు ఎదురేముంది? పట్టాలు వేసినవాణ్ణి పంపించేసి వేరే మనుషులను పెట్టండి, ఖలాస్ అన్నాడు అర్బాబ్. పర్శరాములు వీసా రద్దు కాగితం మీద మధ్యాహ్నానికల్లా సంతకం కావాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ వయసులో, ఆ మచ్చతో వెళ్ళినవాణ్ణి ఇంకో కంపెనీ పిలవదు.

పర్శరాములు గొడవ చేయలేదు. కొలబద్ద పట్టుకుని మలుపంతా అడుగడుగునా కొలిచి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఎవరూ నమ్మకపోయేసరికి మొహిద్దీన్ దగ్గరికి వచ్చాడు.

“భాయ్, పట్టాలు సక్కగున్నయ్. నువ్వొక్కసారి మంచిగ జూసి చెప్పు. నువ్వు ఉన్నయంటే ఉన్నట్టే, లేవంటే లేనట్టే. నేను పోతా.”

చూస్తానని మొహిద్దీన్ ఇంజను కిందికి దూరాడు. నిజానికి పట్టాల తప్పు వెతకడానికే దూరాడు. ముందు చక్రం చూశాడు, స్ప్రింగులు చూశాడు, వెల్లకిలా పాక్కుంటూ వెనక చట్రం దాకా వెళ్ళాడు. తాను బిగించిన పలక అంచు ఒరుసుకుపోయి తళతళ మెరుస్తోంది. చట్రం పక్కకు జరగాలని ఎంతగా గుంజుకుందో ఆ గీతలే చెబుతున్నాయి. మలుపులో ఇంజను ముక్కు తిరగాలంటే వెనక చట్రం పక్కకు జరిగి చోటివ్వాలి. దాన్ని జరగనివ్వకపోతే బండి మొత్తం కర్రలా బిగుసుకుని ముందు చక్రాన్ని పట్టా మీదికి నెట్టేస్తుంది. పడ్డది ముందు, పడేసింది వెనక. ఆ ఖాళీ అరుగుదల కాదు. ఆ ఇంజనును చేసినవాడు తెలిసి వదిలిన చోటు.

మొహిద్దీన్‌కు సిగ్గేసింది, దాని వెనకే భయం వేసింది. ఆ రెండు పలకలూ విప్పి సంచిలో వేసుకోవడానికి పావుగంట చాలు. స్ప్రింగు సవరించానంటే నమ్ముతారు. ఇంకో నెలలో ఇంటికి పోయేవాడు, పేరు పేరుగానే ఉంటుంది, పర్శరాములు ఉద్యోగమూ నిలుస్తుంది. ఎవరికి నష్టం? స్పానరు తీసి మొదటి పలక విప్పాడు కూడా. చేతిలో తిరగేస్తే నలభై ఏడు కనబడింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆ నంబరు తన గొప్పకు గుర్తని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. దారిలో ఏదైనా విరిగితే విప్పి చూసి, ఈ తప్పు ఎవరిదని అడక్కుండానే తెలుసుకోవడానికి షెడ్డు పెట్టుకున్న గుర్తది. పంచ్ చేతిలో పెట్టిన రోజున తండ్రి చెప్పిందీ అదే. అప్పుడు చెవికెక్కలేదు.

రెండో పలకా విప్పి బయటికొచ్చి, తిన్నగా అర్బాబ్ కూర్చున్న గుడారంలోకి నడిచాడు. శ్యాంప్రసాద్ కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పర్శరాములు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పెన్ను కోసం చూస్తున్నాడు. మొహిద్దీన్ ఆ పలకలను గహ్వా కాఫీ పళ్ళెం పక్కన, నంబరు పైకి ఉండేలా పెట్టాడు. ముందు పర్శరాములు వైపే తిరిగాడు.

“రాములూ, పట్టాల్లో ఏం ల్యా. తప్పు నాది. నా పని వాపసు వొచ్చిండాది.”

తర్వాత అర్బాబ్‌కు హిందీలో అంతా విడమరిచి చెప్పాడు. శ్యాంప్రసాద్ ముందే అడిగాడని, తానే వినలేదని కూడా దాచకుండా చెప్పాడు. అర్బాబ్ పలకను చేతిలోకి తీసుకుని ఈ అంకె ఏమిటని అడిగాడు. ముప్ఫై ఏళ్ళలో అడిగిన మొదటి మనిషి. తండ్రి గ్యాంగు పద్ధతి మొహిద్దీన్ చెప్పాడు. ఆయన పర్శరాములు వీసా రద్దు కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పలక కింద నొక్కి, యల్లా, నడిపించండి అన్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక నడిపారు. మలుపు దగ్గర వెనక చట్రం బొటనవేలంత పక్కకు జరిగింది, ముందు చక్రం పట్టాను వదలకుండా చెట్ల మధ్య నుంచి సాగిపోయింది. పర్శరాములు పక్కనే నడుస్తూ, ఇంజనును కాక పట్టానే చూస్తూ చుట్టు తిరిగాడు. మొహిద్దీన్ ఆ రోజు చాయ్ తాగుతూ ఎవరిచేతా ఏమీ అనిపించుకోలేదు.

మార్చిలో ఇంటికి వెళ్ళే ముందు తోటకు ఇంకోసారి వెళ్ళి, ఒక పలకను డ్రైవరు గదిలో కంటికెదురుగా బిగించాడు. “వెనక చట్రం ఖాళీ అరుగుదల కాదు. పూడ్చవద్దు” అని దాని మీద శ్యాంప్రసాద్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాయించిపెట్టాడు. కింద నలభై ఏడు. ఇన్నేళ్ళలో మొహిద్దీన్ ఆ దేశమంతటా కొట్టిన నలభై ఏడుల్లో బయటికి కనబడేది అదొక్కటే.