కంఠతా చెప్పిన పేజీ

రగ్బీ ఆట నాకు ఏనాడూ నచ్చలేదు. మనవరాలు ఆడుతోంది కాబట్టి చూసేదాన్ని. తలమీద టోపీ అయినా లేకుండా ఆడపిల్లలు ఒకరిమీద ఒకరు పడతారు. కాలేజీ అయిపోగానే దానికి అమెరికా జట్టులో కాంట్రాక్ట్ వచ్చింది. నెలనెలా జీతం, దక్షిణ కాలిఫోర్నియాలో ట్రైనింగ్. “జీతమిచ్చి మరీ తన్నిస్తారా?” అని మా అల్లుడి ఆఫీసువాళ్ళు నవ్వారట. నాకు నవ్వు రాలేదు. మైదానం పక్కన మడతకుర్చీలో కూర్చుని, అది పడ్డప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. లేచి నావైపు చెయ్యి ఊపాకే వదిలేదాన్ని.

ఒక ఆటలో ఎవరిదో మోకాలు దాని కణతకు తగిలింది. లేచింది. చెయ్యి కూడా ఊపింది. కానీ నేను కూర్చున్నవైపు కాదు.

జట్టు డాక్టరు కంప్యూటర్ మీద ఏదో పరీక్ష పెట్టి, బాగానే ఉందని పంపేశాడట. వారం సెలవుమీద శాన్ రామన్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చింది. నేను ఉండేదీ అక్కడే. మర్నాడు పొద్దున వంటింట్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది.

“ఏమే, వంటింట్లో ఎండ కాస్తోందా?”

“స్టైల్ అమ్మమ్మా. నీకు తెలీదులే. అమ్మ ఎప్పుడొస్తుంది?”

“ఆరింటికి.”

కాఫీ సగం తాగి, “అమ్మ ఎప్పుడొస్తుంది?” అంది.

నా చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. చెప్పిందే మళ్ళీ చెప్పాను.

మా ఇద్దరికీ ఒక అలవాటుంది. దానికి ఏడేళ్ళప్పుడు ఆదివారం తెలుగు క్లాసుకి తోడు వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుని నేనూ అక్షరాలు దిద్దాను. అప్పటికి నాకు యాభైఎనిమిది. ఆ క్లాసు పుస్తకం ఇంకా దాచాను. అది ఇంటికి వచ్చినప్పుడల్లా నేనో వాక్యం, అదో వాక్యం చదువుతాం. ఆ మధ్యాహ్నం కూడా పుస్తకం తీశాను. అద్దం చూసుకున్న కోతి కథ. తన వంతు వచ్చినప్పుడల్లా వేలు పెట్టుకుని, ఒక్క తప్పు లేకుండా చదివింది.

నోరు నాలుగో వరుసలో ఉంది. వేలు రెండో వరుసలో ఉంది.

ఆ పని నాకు బాగా తెలుసు. క్లాసులో మొదటి నెలలు పిల్లలు చదివేది విని కంఠతా పట్టి, వేలు జరుపుతూ చదివినట్టు నటించాను. అంతకుముందు నలభై ఏళ్ళు బస్సు బోర్డు ముందూ, మందుసీసా ముందూ కళ్ళజోడు మరిచిపోయానని చెప్పి బతికాను. దాచేవాళ్ళు దాచేవాళ్ళ కంట పడకుండా ఉండరు.

మేమెప్పుడూ చదవని పేజీ తిప్పి, “ఇది చదువు” అన్నాను.

చాలాసేపు చూసింది. “లెటర్స్ కదులుతున్నాయి అమ్మమ్మా” అంది మెల్లగా.

“మరి డాక్టరు పరీక్షలో ఎలా నెగ్గావే?”

చెప్పింది. సీజన్ మొదట్లో, తల బాగున్నప్పుడే, కంప్యూటర్‌లో మాటలూ బొమ్మలూ చూపించి ఏవి గుర్తున్నాయని అడుగుతారట. తరవాత దెబ్బ తగిలితే మళ్ళీ అదే పెట్టి, మార్కులు తగ్గాయా అని చూస్తారట. మనవరాలు ఆ మొదటిసారే కావాలని తప్పులు చేసింది. ఇక దెబ్బ తగిలినా తగ్గడానికి మార్కులు లేవు.

“అందరూ చేస్తారు అమ్మమ్మా. నా ప్లేస్ కోసం ముగ్గురు వెయిట్ చేస్తున్నారు. సోమవారం వెళ్ళాలి, శనివారం మ్యాచ్. ప్లీజ్, అమ్మకి చెప్పకు.”

“ఇంకో దెబ్బ తగిలితే?”

“తగలదు.”

“తగలకుండా ఆడే ఆటేనా అది?”

కర్టెన్లు వేసుకుని సోఫాలో పడుకుంది. నేను ఎదురుగా కూర్చుని దాని గుండెలు పైకీ కిందికీ ఆడటం చూస్తూ ఉన్నాను. చెబితే దాని ఆట పోతుంది, నా ముఖం మళ్ళీ చూడదు. చెప్పకపోతే ఒకరోజు నా ముఖం చూసి ఎవరని అడుగుతుంది. రెండో భయం ముందు మొదటిది నిలవలేదు.

మా అమ్మాయి గరాజ్ తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. చెప్పులైనా విడవకముందే అంతా చెప్పేశాను. మా అమ్మాయి వెంటనే జట్టు డాక్టరుకి ఫోన్ చేసింది.

“నిన్ను ట్రస్ట్ చేశాను అమ్మమ్మా” అంది మనవరాలు.

“నేను మాటివ్వలేదే” అన్నాను.

నాలుగు నెలలు దాని ఆట ఆపేశారు, ఇంట్లోనే ఉండిపోయింది. దాని చోటు ఇంకో పిల్లకి ఇచ్చారు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నేను వండిన పప్పు తినేది, గిన్నె కడిగి పెట్టేది, నా పక్కనుంచే వెళ్ళిపోయేది. తరవాత ఒకరోజు తనే వచ్చి పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. కంఠతా వచ్చిన పేజీ కాదు. తడబడుతూ చదివింది, వేలు మాత్రం మాటతోపాటే నడిచింది.

మళ్ళీ ఆడుతోంది. జట్టులోకి తిరిగి తీసుకున్నారు. ఈసారి పరీక్ష సరిగ్గానే రాశానంటుంది. నమ్మానని చెప్పను. ఇంటికి వచ్చినప్పుడల్లా కాఫీకన్నా ముందు ఒక కొత్త పేజీ పెడతాను. “మళ్ళీనా?” అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. నేను దాని నోటివైపు చూడను, వేలివైపు చూస్తాను.