రోజుకొక స్తంభం

అటవీశాఖలో గార్డు ఉద్యోగానికి నడక పరీక్ష ఉంటుందని కాగితం వచ్చిన రోజు నుంచి నాకు కుదురు లేదు. నాలుగు గంటల్లో ఇరవై ఐదు కిలోమీటర్లు నడవాలి. మరుసటి ఏటికి నాకు వయసు దాటిపోతుంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. అవి డెబ్బైల చివరి రోజులు. చిత్తూరులో మాకు మిగిలింది సగం కూలిన ఇల్లు, దూలానికి వేలాడే తాతగారి పల్లకీ.

"మనింట్లో పరుగెత్తింది గుర్రాలేరా," అన్నాడు నాయన, కాగితం నా చేతిలో పెడుతూ.

మర్నాడు పొద్దున్నే బంగారుపాళ్యం రోడ్డు పట్టాను. చూసినవాళ్ళకు పని మీద పోతున్నట్టు కనబడాలని ఇస్త్రీ చొక్కా వేసి, చంకలో గొడుగు పెట్టుకున్నాను. ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గర పిక్కలు పట్టేశాయి. మామిడికాయల బండిలో గంపల మధ్య కూర్చుని ఇల్లు చేరాను. వారం రోజులు వసారా మెట్లు దిగలేదు. కాళ్ళు కదలవు, మనసు ఆగదు.

ఆ వారంలోనే నాయన్ను చూసిపోవడానికి ఒక ముసలాయన వచ్చాడు. తాతగారి పల్లకీ మోసిన బోయీల్లో అప్పటికి బతికున్నది ఆయనొక్కడే. నా వాచిన కాళ్ళు చూసి నవ్వాడు.

"అంతా ఒగే దినం నడవమని ఎవురు చెప్పినారు సిన్నదొరా? నాకు మీసాలు రాకముందే మా నాయన నా భుజాన ఇసక మూట పెట్టినాడు. మొదటి దినం రెండు గుప్పిళ్ళు. దినానికొక గుప్పెడు పోసుకుంటా పోయినాడు. మీ తాత పల్లకీ కిందికి వచ్చేనాటికి బరువనేదే తెలీలేదు."

"నేను మోసేదేం లేదు. నడవాలి."

"రోడ్డెంబడి కరెంటు స్తంభాలుండాయి గదా. దినానికి ఒగటి పెంచండి. కాళ్ళు ఎంత ఉబలాటపడినా రెండొద్దు. ఇంగోటి, ఆ నడుం రవ్వంత వంచల్ల. గుంజ మాదిరి నిక్కి నడిస్తే యాడికి పోతారు?"

మొదటి మాట విన్నాను. రెండోది వినలేదు. మా వంశంలో నడుము వంచే అలవాటు లేదు.

నాలుగో రాయి దగ్గరి స్తంభంతో మొదలుపెట్టాను. చేత్తో తట్టి వెనక్కి తిరగాలి. తర్వాతి స్తంభం ఎదురుగానే కనిపిస్తుంటుంది. దాన్ని ముట్టకుండా రావడం నడకకంటే కష్టంగా ఉండేది. ఇంటికొచ్చాక కూడా వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాణ్ణి. దారిలో టీ అంగడి బెంచీ మీది వాళ్ళకు నేనొక వేడుకనయ్యాను.

"బస్సు వస్తాండాది సామీ, చెయ్యెత్తు!"

"యాడెత్తుతాడప్పా, ఛార్జీకి ఉండొద్దా?"

"పల్లకీ రిపేరుకిచ్చినారంట. వచ్చేదాకా ఇంతేలే!"

ఉద్యోగం కోసమని చెబితే వాళ్ళ నోళ్ళు మూతపడేవి. చెప్పలేదు. గార్డు పనికి ఆశపడుతున్నానని తెలిసేకంటే ఛార్జీ లేదనుకోవడమే నయమనిపించింది.

వానలు వెళ్ళేనాటికి పన్నెండో రాయి దాటాను. పరీక్ష కూడా అదే రోడ్డు మీద పెట్టారు. తిరుగు దారిలో, సరిగ్గా ఆ టీ అంగడి ముందు, పిక్కలు మళ్ళీ బిగుసుకున్నాయి. బెంచీ నిండుగా ఉంది. ఇంకా రెండు కిలోమీటర్లు ఉన్నాయి. వెంట సైకిలు మీద వస్తున్న ఉద్యోగి, "ఇరవై నిమిషాలే!" అని అరిచాడు.

నడుము వంచాను. భుజాన పల్లకీ కొమ్ము ఉన్నట్టు తల దించి, బోయీలు వేసే పొట్టి అడుగులు వేశాను. బెంచీ మీద నవ్వారో లేదో తెలియదు. స్తంభాలు తప్ప ఇంకేదీ కంటికి ఆనలేదు.

గీత దాటాక అధికారి గడియారం చూసుకుని నా నెంబరు ఎదుట టిక్కు పెట్టాడు. "ఎత్తు కొలవల్ల. నిటారుగా నిలబడప్పా," అన్నాడు.

అది నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. అయినా ఆ రోజు కాసేపు పట్టింది.